బరువు తెలియని వీణ

శివమ్మ ఒళ్లో రోజుకు ఎన్ని క్రికెట్ బ్యాట్లు పడుకుని లేస్తాయో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఓ మూలనున్న రేకుల షెడ్డు అది. కశ్మీరు నుంచి విల్లో చెక్క చీలికలు లారీల్లో వస్తాయి. మగవాళ్లు వాటిని మిషన్ మీద కోసి, ఒత్తి, పేము పిడి బిగించి ఓ ఆకారానికి తెస్తారు. ఆ తరువాత నున్న చేయడం ఆడవాళ్ల పని. గరుకు కాగితంతో మొదలుపెట్టి మెత్త కాగితం దాకా వచ్చి, చివరికి అవిసె నూనె పట్టించి గోడకు ఆనిస్తే అయిపోయినట్టు. శివమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని, కాళ్లు చాపుకుని, చంటిపిల్లకు నలుగు పెట్టినట్టు రుద్దుతుంది. తెల్లటి పొట్టు జుట్టు మీదా రెప్పల మీదా వాలి, సాయంత్రానికి ఆమెను ముసలమ్మను చేస్తుంది.

ఆ చెక్కంటే ఆమెకు మొదటినుంచీ ఓ వింత. వేప, తుమ్మ ఎరిగిన చేతికి అది చెక్కలాగే అనిపించలేదు. ఎత్తితే చేతిలో ఏమీ లేనట్టుంటుంది. గోరు ఆనిస్తే గుంట పడుతుంది గాని చీలదు. ఏం చెట్టు ఇది అని పిడులు బిగించే కశ్మీరు పనివాణ్ని అడిగితే, నీళ్ల ఒడ్డున పెరుగుతుందనీ, కొమ్మలు నీళ్లను తాకుతుంటాయనీ, నీళ్లు కదిలితే అవీ కదులుతాయనీ వచ్చీరాని హిందీలో చెప్పాడు. శివమ్మకు అంతకంటే రాని హిందీలో అది ఇంకా అందంగా అర్థమైంది. అప్పటినుంచి ఇంటికి పోయే ఆటోలో కళ్లు మూతపడితే చాలు, మోకాళ్ల దాకా నీళ్లలో దిగి నిలబడ్డ చెట్లు కనిపించేవి. తమ ఊరు లక్డారం మలుపులో కంకర లారీ హారన్ కొట్టేదాకా ఆమె ఆ నీళ్ల దగ్గరే ఉండేది.

రెండు రోజులుగా మాత్రం ఆటోలో కళ్లు మూతపడటం లేదు. కారణం ఊరి పెద్ద మల్లయ్య పటేలు. ఆయన వాకిట్లో బండి ఆపి, శివమ్మ పెనిమిటి నర్సన్నను పలకరించి, ఎంతో ప్రేమగా మాట్లాడి వెళ్లాడు. కోపంగా మాట్లాడినా బాగుండేది, ఎదురు చెప్పడానికి ఓ దారి దొరికేది.

హనుమాన్ గుడి ముందు సప్తాహం దగ్గర పడింది. ఏడు రోజులు రాత్రీ పగలూ విఠలుని భజన ఆగకూడదు, వీణ నేలకు తాకకూడదు. ఒళ్లో పెట్టుకుని వాయించే వీణ కాదది, భజనకు శ్రుతి ఇచ్చే రెండు తీగల వీణ. నిలబడి మీటేవాడి మెడలోంచి ఇంకొకడి మెడలోకి అది మారుతూ ఉండాలి. ఎవరి వంతు వాళ్లది, ఆ వంతునే పహరా అంటారు. నర్సన్నది మిట్టమధ్యాహ్నం పహరా. పటేళ్లంతా అన్నం తిని కునుకు తీసే వేళ, ఎవరూ కోరుకోని వేళ కనకనే, కూలికి పోయే అతని తండ్రికి ఒకప్పుడు దక్కింది. దక్కినదాన్ని నర్సన్న ఒక్క ఏడూ వదల్లేదు. పోయిన వానాకాలం గోదాములో డ్రమ్ము మీద పడి అతని ఎడమ భుజం ఎముక విరిగింది. అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. నీళ్ల బిందె ఎత్తాలన్నా పళ్లు బిగపట్టే మనిషి, పనస చెక్క వీణను ఆ భుజాన వేసుకుని పూటంతా నిలబడేదెలా? పటేలు అడిగింది కూడా అదే.

"ఈసారి జెర ఆరాం తీస్కో నర్సన్నా. నడుమల నీకు నొప్పి లేసి వీణ కింద వడ్డదనుకో, ఊరికే అరిష్టం. నీ పహరా మా మల్లేష్ సూస్కుంటడు తియ్."

నర్సన్న తల ఊపాడు. అతనికి తల ఊపడం తప్ప రాదని శివమ్మకు ఎప్పటినుంచో కోపం. పొయ్యి దగ్గర కూర్చునే ఆమె అంతా విన్నది. పటేలు ఈసారి అన్నాడు గాని, ఒకసారి పోయిన పహరా తిరిగి రాదని ఆమెకు తెలుసు. పటేలు కొడుకు మల్లేష్‌కు ఎలాగూ నర్సన్న తరువాతి పహరా ఉంది. రెండూ కలిపేసుకుంటే అడిగేవాడెవడు?

ఇంకో సంగతి. సప్తాహం ఆఖరి రోజు వీణను ముందు పెట్టుకుని, పతాకాలు పట్టుకుని ఊరంతా దిండీ ఊరేగింపు తిరుగుతుంది. ప్రతి ఇంటి ముందూ ఆగుతుంది, ఆడవాళ్లు వీణ మోసేవాడి కాళ్ల మీద నీళ్లు పోసి వీణకు మొక్కుతారు. కిరాణా దుకాణం మూలకు వచ్చేసరికి మాత్రం అది వెనక్కి మళ్లుతుంది. ఆ మూల అవతల శివమ్మ వాళ్లుండే కింది వాడ. సందు ఇరుకని, పతాకాలు కరెంటు తీగలకు తగులుతాయని చెప్తారు. ఓట్లప్పుడు అదే సందులో రెండు జీపులూ ఒక డప్పుల గుంపూ ఇంకా మిగిలిన జనమూ సుఖంగా పట్టారు. కాబట్టి కింది వాడకు వీణ అంటూ ఉండేది నర్సన్న మెడలో, ఆ మధ్యాహ్నం పూటే. అది కూడా పోతే ఇక లేదు. ఈ మాట శివమ్మ ఎవరితోనూ అనలేదు, ఒళ్లో ఉన్న బ్యాటును మాత్రం రుద్దాల్సినదానికంటే ఎక్కువ రుద్దింది.

రుద్దుతూ రుద్దుతూ దాన్ని ఎత్తి ఎడమ భుజం మీద పెట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్లు ఏం చేస్తున్నావన్నట్టు చూశారు. ఆమె కాసేపు అలాగే ఉంచుకుంది. తరువాత లేచి షెడ్డు వెనక్కి నడిచింది. అక్కడ ముడి పడినవి, గోధుమరంగు మచ్చ పారినవి, బ్యాటుకు పనికిరాని చీలికలు కుప్పగా ఉంటాయి. హోటల్ తందూరు పొయ్యిలోకి పోతాయవి. నాలుగు తీసుకుంటానని సేటును అడిగితే, ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే తీసుకోమన్నాడు.

*

అదే కార్ఖానాలో పిడుల అతుకు చూసేవాడు చంద్రకాంత్. లక్డారం వడ్లవాళ్ల మనిషి. సప్తాహంలో మోసే పనస వీణ అతని తండ్రి చెక్కిందే. చాయ్ వేళ శివమ్మ అతని పక్కన కూర్చుని, ఈ చెక్కతో వీణ చేయమని అడిగింది. చంద్రకాంత్ చాయ్ పొలమారేలా నవ్వాడు. బంతి దెబ్బ తినడానికి పుట్టిన చెక్క ఇది, దీనికి దెబ్బ మింగడమే తెలుసు, మోగడం తెలియదన్నాడు. వీణకు పనస కావాలి, లేదంటే టేకు, అదీ ఎండి పాతబడింది కావాలి. ఈ మెత్త చెక్కకు తీగ బిగిస్తే మెడ వంగి చేతికొస్తుందన్నాడు. చాలా సేపు చెప్పాడు. శివమ్మ అన్నీ విని, చీలిక ఒకటి అతని చాయ్ గ్లాసు పక్కన పెట్టి వెళ్లింది.

మర్నాడు కూడా పెట్టింది. అతను చూడనట్టు చాయ్ తాగాడు. ఆ మర్నాడు గ్లాసు కింద పెట్టి, వేలి కణుపుతో ఆ చీలికను ఒకచోట తట్టాడు, ఇంకొకచోట తట్టాడు, చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తట్టాడు. పనిలోకి పోతూ పోతూ వెనక్కి తిరిగి, "నర్సన్నకు నొస్తున్నది ఏ భుజం?" అని అడిగాడు. శివమ్మకు ఆ ఒక్క ప్రశ్నతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడమది అని చేత్తో చూపించింది.

పని చంద్రకాంత్ వాకిట్లో మొదలైంది. కార్ఖానా నుంచి వచ్చి పొద్దు గూకేలోపు దొరికిన ఆ కాస్త వెలుతురులోనే చేయాలి. చీలికలు వెడల్పు చాలవు కనక నాలుగింటిని పక్కపక్కన అతికించి, తాళ్లతో బిగించి, ఒక రాత్రి ఆరనిచ్చాడు. ఆ దిమ్మను వీణ బుర్రగా బయట గుండ్రంగా చెక్కి, లోపల ఉలితో తోడాడు. పనసైతే ఉలి మీద సుత్తి పడినప్పుడల్లా మాట్లాడుతుంది. ఇది మారు పలకకుండా వెన్నలా లేస్తుంటే అతనికి మొదట చిరాకేసింది, తరువాత జాగ్రత్త వచ్చింది. కొంచెం ఏమరితే ఉలి అవతలి పక్క తేలుతుంది. అతను తోడే కొద్దీ శివమ్మ బయటి వైపు రుద్దుతూ వచ్చింది. మచ్చ పారిన చోట రెక్కలు విప్పిన పురుగు బొమ్మ ఒకటి తేలింది. దాన్ని చెరిపేద్దామా అంటే వద్దంది.

నర్సన్న రోజూ వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పటేలు ఒప్పుకోడని ఒకసారి అన్నాడు, ఆ తరువాత ఏమీ అనలేదు. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు సగం చెక్కిన బుర్రను ఒళ్లోకి తీసుకుని కుడి చేత్తో నిమిరేవాడు.

చంద్రకాంత్ భయపడ్డట్టే అయింది. మెడ బిగించి రెండు తీగలూ లాగగానే అది అరటాకులా ముందుకు వంగింది. అతను ఉలి పక్కన పడేసి, ఓ బీడీ తాగి, మర్నాడు కార్ఖానా నుంచి పేము కడ్డీలు తెచ్చాడు. మెడను నిలువునా చీల్చి, బ్యాటు పిడిలో పెట్టినట్టే మధ్యలో పేము కూర్చి, మళ్లీ మూశాడు. మెడకూ బుర్రకూ మధ్య అతుకు కూడా బ్యాటుకు వేసినట్టు చీలికలో మొన దించే కోసు అతుకే వేశాడు. తండ్రి బతికుంటే తన్నేవాడని నవ్వుకున్నాడు. మెత్త చెక్కలో తీగలు బిగించే బిరడాలు నిలవక జారిపోతుంటే, రంధ్రాల చుట్టూ తుమ్మ చెక్క కట్టు వేశాడు. తీగ ఈసారి నిలిచింది.

అతను మీటాడు. ముగ్గురూ విన్నారు. పక్కింట్లో ఎవరో పిల్లను పండబెడుతూ గొంతు ఎత్తకుండా పాడుతున్నట్టుంది. వాకిలి అవతల ట్రాక్టర్ పోతే అది కూడా వినబడలేదు. చంద్రకాంత్ ముఖం చిన్నబోయింది. "గొంతు లేదు చెల్లె. నేను ముందే జెప్పిన" అన్నాడు.

శివమ్మ వీణను తీసుకుని బుర్రకు చెవి ఆనించి, తనే తీగ మీటింది. లోపల చాలా లోతుగా, తెరలు తెరలుగా ఏదో కదులుతోంది. ఆటోలో కళ్లు మూసుకుంటే కనిపించే ఆ నీళ్లే అనుకుంది. ఆమె చెప్పదలచుకుంది గాని చెప్పడం రాలేదు. లేచి వెళ్లి, పాత పట్టుచీర అంచు మడిచి కుట్టిన పట్టీ తెచ్చి, వీణకు కట్టి నర్సన్న ఎడమ భుజం మీద వేసింది. అతను పళ్లు బిగపట్టాడు, నొప్పి వస్తుందని. రాలేదు. పళ్ల బిగువు వదిలేసి ఆమె వంక చూశాడు.

*

గుడి ముందు షామియానా గుంజలు పాతిస్తున్న మల్లయ్య పటేలు దగ్గరకు ముగ్గురూ కలిసే వెళ్లారు. మాట్లాడింది చంద్రకాంత్. పటేలు వీణను ఒక్క చేత్తో ఎత్తి, బరువుకని సిద్ధం చేసుకున్న చేయి ఊరికే పైకి లేచిపోతే తడబడ్డాడు. ఆ తడబాటు ఎవరూ చూడకూడదన్నట్టు వెంటనే తీగ మీటాడు. విన్నాడు. తల పక్కకు వాల్చి మళ్లీ విన్నాడు.

"ఇది పాడుతదా, నిద్దట్ల పలవరిస్తదా?" అన్నాడు. గుంజలు పాతేవాళ్లు నవ్వారు.

చంద్రకాంత్ నవ్వలేదు. పటేలుకు ఉన్న భయం వీణ కింద పడుతుందని కదా, ఇది పడదు అన్నాడు. పహరా మారేటప్పుడు ఇది ముందు నర్సన్న మెడలో వేసి, ఆ తరువాతనే పాత వీణను దించి గుడి గోడకున్న మేకుకు తగిలిస్తే, భజనా ఆగదు, వీణా నేలకు తాకదు. తన తండ్రి చెక్కిన వీణకు పూజ చేసినట్టే దీనికీ చేస్తే ఇదీ వీణే. పటేలు ఆలోచించాడు. నిజానికి మల్లేష్‌కు కంపెనీలో ఆ వేళ సెలవు దొరకడం కష్టంగానే ఉంది. ఆ సంగతి పైకి చెప్పకుండా, మధ్యాహ్నం పూట ఎవరు వింటారు గనక, కానీయండి అన్నాడు. మిగతా పహరాలన్నీ పాత వీణతోనే.

తిరిగి వస్తుంటే నర్సన్న ముందు నడిచాడు. కిరాణా దుకాణం మూల దగ్గర ఒక్క క్షణం ఆగి, సందు వంక, పైన తీగల వంక చూశాడు. ఏంది అని శివమ్మ అడిగితే ఏం లేదన్నాడు.

*

మొదటి మధ్యాహ్నానికి శివమ్మ సగం పూట సెలవు పెట్టింది. ఎండకు షామియానా గుడ్డ పచ్చగా మెరుస్తోంది. పొద్దుటి పహరా మనిషి మెడలోని పనస వీణ చప్పుడు గుడి గోడలకు తగిలి వస్తోంది. నర్సన్న స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, కొత్త వీణను మెడలో వేసుకున్నాడు. పద్ధతి ప్రకారం ఇచ్చే మనిషి కాళ్లకు మొక్కాడు, అతనూ వంగి మొక్కాడు. పాత వీణ మేకుకు ఎక్కింది. నర్సన్న తీగ మీటాడు.

ఆ వేళ పాడేది ఓ ఆరుగురు ముసలివాళ్లు. తాళాల మోతలో కొత్త వీణ మునిగిపోయింది. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శ్రుతి వినబడకపోతే పాడేదెలా? మృదంగం వాయించే రామన్న మొదట చేయి తగ్గించాడు. అరచేత్తో కొట్టేవాడల్లా వేళ్లతో కొట్టాడు. తాళాలవాళ్లు కంచును కంచుకు కొట్టడం మాని అంచులు మాత్రం ఆనించారు. అప్పటికీ చాలక, ఎడంగా నిలబడ్డవాళ్లు ఒక్కొక్క అడుగే వేసుకుంటూ నర్సన్న చుట్టూ చేరారు. ఒకాయన చెవి దాదాపు వీణకే ఆనింది. పాట గొంతుల్లోంచి దిగి ఛాతీల్లోకి వెళ్లింది. విఠలుని పేరు అరవకుండా కూడా పలకవచ్చని వాళ్లకు ఇన్నేళ్ల తరువాత తెలిసినట్టుంది.

శివమ్మ గుంజకు ఆనుకుని కూర్చుంది. నర్సన్న ముఖంలో పళ్లు బిగపట్టిన గీత లేదు. కళ్లు సగం మూసుకుని, కొంచెం ఊగుతూ, ఎక్కడో ఉన్నాడు. చూస్తూ చూస్తూనే ఆమెకు నిద్ర పట్టింది. నిద్రలో కూడా భజన వినిపిస్తూనే ఉంది. నీళ్ల ఒడ్డున చెట్లు ఆ పాటకే కదులుతున్నాయి. చెట్ల కింద ఆమెతో రుద్దే ఆడవాళ్లు, కార్ఖానావాళ్లు, అందరూ పొట్టు పట్టిన రెప్పలతో పడుకున్నారు. ఆమెకు చాలా సుఖంగా ఉండింది.

మెల్లగా ఆ సంగతి ఊళ్లో పాకింది. మధ్యాహ్నం భజన మంచిగున్నదంట అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు ఇంట్లో ఉక్కకు నిద్రపట్టక, తువ్వాల తెచ్చుకుని షామియానా కింద పడుకోసాగారు. వాళ్ల గురకలూ శ్రుతిలోనే ఉన్నాయని రామన్న నవ్వేవాడు. పాడేవాళ్లు మాత్రం వీణను వదిలి అడుగు దూరం పోలేదు. పోతే వినబడదు.

*

సప్తాహం సగం దాటాక ఓ రోజు కార్ఖానాలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, ఆడవాళ్లను ముందే పంపేశారు. శివమ్మ ఇంటికొచ్చి తలంటు పోసుకుంది. వాకిట్లో జుట్టు ఆరబెట్టుకుంటూ, నర్సన్న పహరా అయిపోయి ఉంటుంది, అన్నం వడ్డించాలి అనుకుంది. కాని అతను రాలేదు. మల్లేష్ కంపెనీ బస్సు రింగురోడ్డు దగ్గర ఆగిపోయిందని, వచ్చేసరికి ఆలస్యమవుతుందని ఎవరో చెప్పుకుంటూ పోయారు. అయితే పహరా మార్చుకునే మనిషి రాక నర్సన్న ఇంకా నిలబడే ఉన్నాడన్నమాట. భుజం ఎలా ఉందో అని ఆమెకు దిగులేసింది.

అప్పుడే ఆ చప్పుడు చెవిలో పడింది. మొదట తన చెవిలోదే అనుకుంది. ఆ వీణను రుద్దీ రుద్దీ దాని శబ్దం తలలో ఉండిపోయింది, ఒక్కోసారి పనిలో కూడా వినిపించేది. తల విదిలించింది. పోలేదు. దగ్గరకు వస్తోంది. వెనక కంచు అంచుల గుసగుస, ఆ వెనక వేళ్ల మృదంగం. శివమ్మ తడి జుట్టుతోనే సందులోకి వచ్చింది. ఎదురింటి బక్కమ్మ కూడా చేతిలో చాటతో బయటకు వచ్చి నిలబడింది.

నర్సన్న వస్తున్నాడు. కళ్లు సగం మూసుకుని, పాడుతూ, ఇంటికి వచ్చే మనిషి నడిచినట్టు మామూలుగా నడిచి వస్తున్నాడు. మెడలో వీణ ఉంది. అతని చుట్టూ ఆ ఆరుగురు ముసలివాళ్లు చెవులు వీణ వైపే పెట్టి, కాళ్లు ఎటు పోతున్నాయో చూడకుండా వస్తున్నారు. రామన్న మృదంగం మెడకు తగిలించుకుని వెనకే ఉన్నాడు. పడుకున్నవాళ్లు లేచి తువ్వాలలు భుజాన వేసుకుని నడుస్తున్నారు. వీణ కదిలితే పతాకం ముందు పోవాలి కనక ఎవరో రెండు పతాకాలు కూడా పీక్కొచ్చారు. గుంజలకు కట్టినవాటిని ఎంత హడావుడిగా పీకారో, ఒకదానికి తాడు ఇంకా వేలాడుతోంది. ఆ పతాకాలు కరెంటు తీగల కింద నుంచి, ఎక్కడా ఏమీ తగలకుండా వచ్చేశాయి.

బక్కమ్మ సందుకు అడ్డంగా కట్టిన ఇనుప తీగ మీద చీరలు ఆరేసి ఉన్నాయి. నర్సన్న అక్కడ ఆగాడు. పాట ఆపకుండానే వీణ మెడను ఓ పక్కకు వంచి, చీరల కింద నుంచి దూరి, మళ్లీ నిలబెట్టుకున్నాడు. తన వాకిట్లోకి వచ్చి నిలబడి, మీటుతూనే ఉన్నాడు.

బక్కమ్మ చాట అవతల పెట్టి, బిందెతో నీళ్లు తెచ్చి, నర్సన్న పాదాల మీద పోసింది. అరవై ఏళ్లు ఆ సందులో బతికిన మనిషి. దిండీకి నీళ్లు పోయడం వాళ్ల మేనత్త ఊళ్లో చూసిందే గాని తన చేత్తో పోయడం అదే మొదలు. ముట్టవచ్చునా అని కళ్లతోనే అడిగింది. ఎవరూ వద్దనలేదు. ఆమె వీణ బుర్ర మీద అరచేయి ఆనించి, లోపలి వణుకు చేతికి తెలిసి, నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఇళ్లలోంచి ఒక్కొక్కరే వచ్చారు. శివమ్మ అందరికంటే చివర వెళ్లింది. అంత రుద్దిన చేతికి అది కొత్తగా తగిలింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఎవరు చూస్తే ఏం అని ఏడ్చింది.

మోటర్‌సైకిల్ మూల దగ్గర ఆగింది. మల్లయ్య పటేలు, వెనక కంపెనీ బట్టల్లోనే మల్లేష్. పటేలు జనం మధ్య నుంచి దారి చేసుకుని వాకిలి దాకా వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. భజన ఇంకా నడుస్తోంది, కాబట్టి ఆయన కూడా గొంతు తగ్గించే మాట్లాడాల్సి వచ్చింది.

"ఏందిది నర్సన్నా?"

నర్సన్న తీగ మీటుతూనే చెప్పాడు. "బరువు తెల్వలే పటేలా. పహరా టైమ్ అయ్యింది గద, అలవాటు మీద ఇంటికొచ్చిన. మెడల ఉన్నదని యాది లేదు."

పటేలు అతని వంక చూశాడు, పాడేవాళ్ల వంక చూశాడు. "కింద వెట్టినవా?"

"లేదు పటేలా."

"భజన ఆగిందా?" అన్నాడు రామన్న వైపు తిరిగి. రామన్న మృదంగం మీద వేళ్లు ఆడిస్తూనే లేదన్నట్టు తల ఊపాడు. మేమా, వీణ యాడికి పోతే ఆడికి పోయినమని అతని ముఖం చెప్తోంది.

పటేలు అడగాల్సినవి ఆ రెండే. ఉన్న నియమాలు ఆ రెండే. ఆయన తల ఎత్తి కరెంటు తీగలు చూశాడు, వాటి కింద నిమ్మళంగా నిలబడ్డ పతాకాలు చూశాడు, సందు నిండా ఉన్న జనాన్ని చూశాడు. ఇంకా జనం పట్టే చోటు ఉంది. కొడుకు వైపు చేయి ఊపాడు, పహరా తీసుకొమ్మని.

మల్లేష్ ముందుకు వచ్చాడు. అక్కడే ఆగాడు. తీసుకునే ముందు ఇచ్చేవాడి కాళ్లకు మొక్కాలి. షామియానా కింద ఏటా మొక్కుతూనే ఉన్నాడు, గుడి ముందు అదొక లెక్క. ఇది నర్సన్న వాకిలి. చుట్టూ కింది వాడ ఆడవాళ్లు. అతను తండ్రి వంక చూశాడు. తండ్రి వేరే వైపు చూస్తున్నాడు. మల్లేష్ బూట్లు విప్పి, వంగి, బక్కమ్మ పోసిన నీళ్లతో ఇంకా తడిగా ఉన్న ఆ పాదాలను రెండు చేతులా తాకాడు. నర్సన్న వంగి అతనికి మొక్కి, పట్టీని తన మెడలోంచి తీసి అతని మెడలో వేశాడు. వీణ భుజానికి ఆనగానే మల్లేష్ ముఖం మారింది. "కాకా, ఇది ఉన్నట్టే లేదు గదనే" అన్నాడు మెల్లగా.

భజన వెనక్కి మళ్లింది. ఈసారి తొందర లేదు. ప్రతి గడప ముందూ ఆగింది, ప్రతి గడపలోంచీ బిందె వచ్చింది. పటేలు అందరికంటే వెనక నడిచాడు. వాకిలి దాటుతూ నర్సన్న వైపు చూడకుండానే, "రేపు జెర జల్దీ రా. పొద్దుటాయనకు ఏదో పని ఉన్నదట" అన్నాడు. వస్త పటేలా అన్నాడు నర్సన్న.

సందు ఖాళీ అయింది. తడి మట్టి వాసన వస్తోంది. నర్సన్న అరుగు మీద కూర్చుని ఎడమ భుజాన్ని మెల్లగా తిప్పుకున్నాడు. శివమ్మ చెంబుతో నీళ్లిచ్చి పక్కనే కూర్చుంది. అతను తాగేదాకా ఆగింది.

"నిజంగనే యాదిమరిచినవా?"

"గంత అల్కగ చేపిస్తివి నువ్వు. మెడల ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది?"

శివమ్మ ఎదురుగా బక్కమ్మ చీరల వైపు చూసింది. "మరి గా తీగ కాడ ఆగి, పక్కకు వంచినవ్ గద."

"తగుల్తదని వంచిన" అన్నాడు నర్సన్న.

అన్న తరువాత తానేం అన్నాడో అతనికి తెలిసింది. చెంబులోకి చూశాడు. అందులో నీళ్లు అయిపోయాయి. అన్నం పెడతావా లేదా అని అడిగాడు, కొంచెం కోపంగా. శివమ్మ అతని ముఖంలోకి చూసి నవ్వుతూ, లేచి లోపలికి వెళ్లింది.